జాతి కుక్కను ఈనించే ముందు

జాతి కుక్క అంటే తల్లీ తండ్రీ ఒకే జాతివై, వాటి పూర్వీకుల పేర్లు తరతరాలుగా ఒక రిజిస్టరులోకి ఎక్కి ఉన్న కుక్క. ఈ రిజిస్టర్ల పద్ధతి మరీ పాతదేమీ కాదు. వేటకో, కాపలాకో, గొర్రెల మందల వెంట తిరగడానికో పనికొచ్చే కుక్కల్ని మనుషులు వేల ఏళ్లుగా ఎంచి పెంచుకుంటూనే ఉన్నారు. ‘ఈ జాతి ఇలాగే ఉండాలి, బయటి రక్తం కలవకూడదు’ అని గట్టిగా గిరి గీసింది మాత్రం పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో. 1859లో న్యూకాజిల్‌లో కుక్కల ప్రదర్శన జరిగింది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టింది. ఆ గాలి మన దేశానికి త్వరగానే సోకింది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896 నాటిది, ఇప్పుడు దాని కార్యాలయం చెన్నైలో ఉంది. కుక్కలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ‘కేసీఐ పేపర్లు’ అనేది ఈ సంస్థ ఇచ్చే పత్రాలనే.

ఆ పేపర్లలో కుక్క పేరు, పుట్టిన తేదీ, మైక్రోచిప్ నంబరు, తల్లిదండ్రుల పేర్లు, వాటి వెనకటి తరాల పేర్లు ఉంటాయి. పూర్వీకుల్లో ప్రదర్శనలు గెలిచినవి ఉంటే ఆ బిరుదులూ కనిపిస్తాయి. దాని తుంటి కీళ్లు గట్టివా, ఐదారేళ్లకే చూపు పోయే వంశమా, ఇంటికొచ్చిన చుట్టాన్ని పట్టుకునే రకమా అన్నవి మాత్రం వాటిలో ఉండవు. అవి వంశానికి సాక్ష్యం, అంతే. ఆ సాక్ష్యానికి కూడా మొదటి ఆధారం బ్రీడర్ నిజాయితీయే. ఏ మగదానితో కలిపారన్నది ఆయన చెప్పిందే కాగితం మీదికి ఎక్కుతుంది. కొనేవాళ్లలో చాలామంది ఇది తెలియక, పేపర్లున్నాయంటే మంచి కుక్కే అనుకుంటారు. అమ్మేవాళ్లలో కొందరు తెలిసీ అలాగే అనుకోనిస్తారు. పేపరు చెప్పని సంగతుల్ని ముందే కనుక్కుని, ఏ కుక్కకు సంతానం ఉండవచ్చో, ఏ కుక్కకు ఉండకూడదో తేల్చడమే బ్రీడర్ అసలు పని. పిల్లల్ని పుట్టించడం ఆ తర్వాతి సంగతి.

మన పట్టణాల్లో చాలా ఈతలు ఇంత ఆలోచనతో జరగవు. ఇంట్లో ఆడ ల్యాబ్రడార్ ఉంటుంది, రెండు వీధుల అవతల మగది ఉంటుంది. ‘ఒక్కసారైనా ఈనకపోతే ఆడకుక్కకు మంచిది కాదు’ అని ఎవరో అంటారు. మేటింగ్ అయిపోతుంది. మగకుక్క యజమాని ఫీజు అయినా తీసుకుంటాడు, లేదా ఈతలో తనకు నచ్చిన పిల్లను పట్టుకుపోతాడు. మిగిలిన పిల్లలు తెలిసినవాళ్లకు, ఆ పైన వాట్సాప్ గ్రూపుల్లో అడిగినవాళ్లకు. ఈనకపోతే మంచిది కాదన్న మాటలో నిజం లేదు. ఈనినందువల్ల ఆడకుక్క ఆరోగ్యానికి ఒరిగేదేమీ ఉండదు. పిల్లలు అక్కర్లేదనుకున్న ఆడకుక్కకు చిన్న వయసులోనే ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు తగ్గుతుంది, గర్భసంచిలో చీము పట్టే ప్రాణాంతకమైన జబ్బు తప్పుతుంది. ఒక ఈతకు అర్థం ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: పుట్టే పిల్లల్లో ఒకదాన్ని, తల్లి కంటే మెరుగైనదిగా, బ్రీడర్ తన దగ్గరే అట్టిపెట్టుకోవాలనుకుంటున్నాడా? కాదంటే అది కేవలం సరుకు తయారీ.

ఏ జాతి

కొత్తగా దిగేవాళ్లు ధర చూసి జాతిని ఎంచుకుంటారు. ఊరి ఎండను చూసి ఎంచుకోవడం మేలు. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే అది ఒంటి వేడిని దించుకునే ముఖ్యమైన దారి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో సైబీరియన్ హస్కీనో సెయింట్ బెర్నార్డునో పెంచడమంటే దాన్ని రోజంతా ఏసీ గదిలో కట్టేయడమే. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి మొహం జాతుల కష్టం ఇంకో రకం. పుర్రె పొట్టిదై, లోపలి మెత్తటి కండ మాత్రం అంతే ఉండిపోవడంతో వాటికి గాలి సరిగా ఆడదు. మొహం ముద్దుగా ఉందని జనం మురిసిపోయే ఆ గురక, నిజానికి ఊపిరి కోసం పడే అవస్థ. 2003లో వచ్చిన ఒక మొబైల్ కంపెనీ ప్రకటన తర్వాత మన దేశంలో పగ్‌లకు గిరాకీ ఎగబాకింది. ఆ గిరాకీ తీర్చడానికి పుట్టించినవాటికి ఊపిరి ఎలా ఆడుతుందో చూసినవాళ్లు తక్కువ. బుల్‌డాగ్ పిల్లల తల పెద్దది, తల్లి కటి ఇరుకు. బ్రిటన్‌లో జరిపిన ఒక పరిశీలనలో ఈ జాతి ఈతల్లో 80 శాతానికి పైగా ఆపరేషన్‌తో బయటికి తీసినవే. తనంతట తాను ఈనలేని జాతితో కొత్తవాళ్లు మొదలుపెట్టకపోవడమే మంచిది. ఇంకో మాట: మన వీధుల్లో ‘పామేరియన్’ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్‌లు. జాతి పేరే తప్పు చెప్పి అమ్మేవాళ్లు మిగతా సంగతులు సరిగ్గా చెబుతారని ఆశించలేం.

దేశవాళీ జాతుల వైపు చూపు ఈమధ్యే మళ్లింది. 2005లో తపాలా శాఖ రాజపాళయం, ముధోల్, రాంపూర్ వేటకుక్కల మీదా, హిమాలయన్ షీప్‌డాగ్ మీదా బిళ్లలు వేసింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాతుల్ని అధికారికంగా నమోదు చేసింది. కర్ణాటకలోని ముధోల్ ప్రాంతపు వేటకుక్కల్ని సైన్యం మీరట్‌లో తర్ఫీదుకు తీసుకుంది. తమిళనాడులోని రాజపాళయం పట్టణంలో స్థిరపడిన రాజులు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఆ ఊరి పేరే పెట్టుకున్న కుక్క పాలలా తెల్లగా, ముక్కు గులాబీ రంగులో ఉండాలన్నది పాత పట్టింపు. అక్కడే చిక్కు వచ్చింది. ఒంటి మీద రంగునిచ్చే కణాలే లోపలి చెవిలోనూ పనిచేస్తాయి. అవి అక్కడ లేకపోతే పుట్టిన కొద్ది వారాలకే వినికిడి పోతుంది. అందుకే రాజపాళయం పిల్లల్లో పుట్టుచెవుడు కనిపిస్తుంది. తెల్లదనం ఒక్కటే చూసి జతలు కట్టినన్నాళ్లూ అది పోదు.

మన కోస్తాలోనూ ఒక సొంత జాతి ఉంది, జోనంగి. ఒంటి మీద వెంట్రుక ఉందా లేదా అన్నంత పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, వింతగా రాగం తీస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని తోలడానికి దీన్ని వాడేవాళ్లు. చేపల చెరువులు వచ్చి బాతుల పెంపకం వెనకబడటంతో దీనికి పనీ పోయింది, సంఖ్యా పడిపోయింది. విదేశీ జాతి మీద పెట్టే శ్రద్ధలో కొంత పెట్టినా నిలబెట్టగలిగిన కుక్క ఇది. అయితే కుక్కలు తక్కువగా మిగిలిన జాతిని చేపట్టడం తేలిక పని కాదు. ఉన్న కొద్ది కుక్కల్నే మళ్లీ మళ్లీ కలిపితే రాబోయే కష్టం ఏమిటో చూడాలి.

దగ్గరి రక్తం

అన్నాచెల్లెళ్లను కలిపితే పిల్లల్లో రక్తసంబంధపు పాలు లెక్క ప్రకారం 25 శాతం. తల్లి ఒకటి, తండ్రులు వేరైన జతకు 12.5 శాతం. చిన్నాన్న పెదనాన్న పిల్లల వరసకు 6.25 శాతం. ఈ అంకె చెప్పేది ఒకటే: ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎంత అని. చెడ్డ జన్యువులు చాలామట్టుకు ఒక ప్రతి ఉంటే బయటపడవు, రెండూ చెడితేనే జబ్బు కనిపిస్తుంది. దగ్గరి రక్తం ఆ రెంటినీ ఒకచోట చేరుస్తుంది. మంచి గుణాల్ని స్థిరపరచాలని పాతకాలపు బ్రీడర్లు దగ్గరి చుట్టాలనే కలిపేవాళ్లు. 2008లో బీబీసీ ఒక డాక్యుమెంటరీలో దాని ఫలితాలను చూపించాక బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ మరుసటి ఏడాదే దారి మార్చుకుంది. తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్లు, అన్నాచెల్లెళ్ల మధ్య పుట్టిన పిల్లల్ని నమోదు చేయడం మానేసింది. దీనంత పైకి కనిపించని ప్రమాదం ఒకటుంది. ఒక మగకుక్క పెద్ద ప్రదర్శన గెలవగానే అందరూ దానికోసమే పరిగెత్తుతారు. పదేళ్లు తిరిగేసరికి ఆ జాతిలో సగానికి అదే తాత. దానిలో దాగిన ఒక్క లోపం చాలు.

కాగితం మీది స్వచ్ఛతకూ ఒంట్లోని ఆరోగ్యానికీ ఎంత దూరం ఉండగలదో డాల్మేషియన్ చరిత్ర చెబుతుంది. తెల్లటి ఒంటి మీద నల్లచుక్కల ఈ కుక్క మూత్రంలో యూరిక్ ఆమ్లం మిగతా కుక్కల కంటే చాలా ఎక్కువ. అది గట్టిపడి రాళ్లవుతుంది, మగకుక్కల్లో మూత్రనాళానికి అడ్డం పడుతుంది. ఏవో కొన్ని కుక్కల్లో కాదు, జాతి మొత్తం ఇలాగే ఉండేది. లోపమున్న జన్యువే ప్రతి డాల్మేషియన్‌లోనూ రెండు ప్రతులుగా ఉండేది. కాబట్టి జాతి లోపల ఎన్ని తరాలు ఎంచి కలిపినా మంచి ప్రతి దొరికేది కాదు. 1973లో రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యు శాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ను ఇంగ్లిష్ పాయింటర్‌తో ఒక్కసారి కలిపాడు. అక్కడి నుంచి ప్రతి తరంలోనూ ఆరోగ్యమైన జన్యువున్న పిల్లల్నే ఎంచుతూ, మళ్లీ శుద్ధ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చాడు. కొన్ని తరాలకు చూడ్డానికి అచ్చం డాల్మేషియన్లే, మూత్రం మాత్రం మామూలు కుక్కదే. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిలో రెండింటిని నమోదు చేసింది. జాతి రక్తం మలినమైందని డాల్మేషియన్ ప్రియులే అభ్యంతరం చెప్పడంతో తలుపు మూసేసింది. ఆ లోపం ఏ జన్యువులో ఉందో 2008లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. 2011లో గానీ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఒకే ఒక్క పాయింటర్ పూర్వీకుడు చేసిన మేలును ఒప్పుకోవడానికి అంతకాలం పట్టిందంటే, అడ్డం పడింది శాస్త్రం కాదు, స్వచ్ఛత మీది మోజు.

పరీక్షలు

మేటింగ్‌కు ముందు చేయించాల్సిన పరీక్షలు జాతిని బట్టి మారతాయి. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్‌లకు తుంటి కీళ్ల ఎక్స్‌రే తప్పనిసరి. తొడ ఎముక గుండు తుంటి గిన్నెలో సరిగా కూర్చోకపోతే ఆ కీలు కొన్నేళ్లకు అరిగిపోతుంది. కుక్క లేవడానికే ఏడుస్తుంది. పైకి చూస్తే తెలియదు. చక్కగా పరుగులు తీసే కుక్కకూ ఎక్స్‌రేలో కీలు వదులుగా కనిపించవచ్చు. అమెరికాలో 1966 నుంచి ఈ ఎక్స్‌రేలను పరిశీలిస్తున్న సంస్థ రెండేళ్లు నిండని కుక్కకు తుది ధ్రువపత్రం ఇవ్వదు. పది నెలల కుక్కకు ‘తుంటి బాగుంది’ అన్న మాట విలువ ఎంతో దీన్ని బట్టి గ్రహించవచ్చు. డాబర్‌మన్‌కు గుండె చూడాలి. ఒక్క ఈసీజీ చాలదు, రోజంతా గుండె కొట్టుకునే తీరును నమోదు చేసే హోల్టర్ పెట్టాలి. ఆ జాతిలో గుండె కండరం పలచబడి ఉన్నట్టుండి కూలిపోయే జబ్బు ఎక్కువ. డాల్మేషియన్, రాజపాళయం పిల్లలకు వినికిడి పరీక్ష కావాలి. వెనక నుంచి చప్పట్లు కొడితే రెండు చెవులూ వినపడనిదాన్ని పట్టుకోవచ్చు గాని, ఒక చెవే పోయినదాన్ని పట్టలేం. దానికి మెదడు స్పందనను కొలిచే యంత్రమే దిక్కు.

డీఎన్‌ఏ పరీక్షలు ఇప్పుడు చెంప లోపలి తడితోనో కాస్త రక్తంతోనో అయిపోతున్నాయి. ల్యాబ్రడార్‌లో మెల్లగా చూపు పోయే జబ్బు, వ్యాయామం ఎక్కువైతే వెనక కాళ్లు చచ్చుబడే జబ్బు ఇలా తెలుసుకోగలిగినవే. ఫలితం మూడు రకాలుగా వస్తుంది: లోపం లేదు, ఒక ప్రతి ఉంది, రెండు ప్రతులూ ఉన్నాయి. ఒక ప్రతి మోస్తున్నదాన్ని ‘కారియర్’ అంటారు. కారియర్ అనగానే కుక్కను పక్కన పెట్టేయడం తొందరపాటు. లోపం లేనిదానితో కలిపితే పిల్లల్లో సగటున సగం కారియర్లవుతాయి, ఒక్కదానికీ జబ్బు రాదు. మిగతా గుణాలన్నీ మేలైన కుక్కను ఇలా నిలుపుకోవచ్చు. రెండు కారియర్లను కలపడమే తప్పు. అప్పుడు సగటున నాలుగింట ఒక పిల్లకు జబ్బు రాసిపెట్టినట్టే.

స్వభావానికి మాత్రం ల్యాబు లేదు. పిరికిదీ, కారణం లేకుండా కరిచేదీ ఎంత అందమైనదైనా సంతానానికి పనికిరాదు. ఆ గుణంలో కొంత పిల్లలకు వస్తుంది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పిట్‌బుల్, రాట్‌వైలర్‌లాంటి 23 జాతుల అమ్మకాన్నీ బ్రీడింగ్‌నూ ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. కోర్టులో ఎవరు గెలిచినా, అంత దాకా రావడంలో స్వభావం చూడకుండా జతలు కట్టినవాళ్ల వాటా కొంత ఉంది.

చట్టం

2017 మే నెలలో వచ్చిన కుక్కల బ్రీడింగ్, అమ్మకాల నియమాలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద చేసినవి. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా మేటింగ్ చేయించకూడదు, 8 ఏళ్లు దాటాకా కూడదు. జీవితంలో 5 ఈతలు మించరాదు, ఏడాదికి ఒకటే. మేటింగ్‌కు ముందు పశువైద్యుడి నుంచి ఆరోగ్య పత్రం కావాలి. పిల్లను 8 వారాలకు ముందు అమ్మరాదు. మైక్రోచిప్, టీకాలు, రికార్డులు ఉండాలి. చెవులు కోయడం, తోక కత్తిరించడం నేరం. నిలువు చెవుల డాబర్‌మన్‌ను గొప్పగా చూపే బ్రీడర్ చట్టాన్ని ఏమాత్రం లెక్కచేస్తాడో ఆ చెవులే చెబుతాయి. నియమాలు బాగానే ఉన్నాయి. వాటిని అడిగే కొనుగోలుదారులే తక్కువ.

ఎద నుంచి ఈత దాకా

ఆడకుక్క సాధారణంగా ఆరేడు నెలలకోసారి ఎదకొస్తుంది. తొలి తొమ్మిది పది రోజులు రక్తం కనిపిస్తుంది, మగదాన్ని దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత వారం పది రోజులు ఒప్పుకుంటుంది. ‘పదకొండో రోజు, పదమూడో రోజు’ అని వేళ్ల మీద లెక్కపెట్టి కలపడం అలవాటు గాని, కుక్కలన్నీ ఒకే లెక్కన నడవవు. రక్తంలో ప్రొజెస్టిరాన్ పరీక్ష చేయిస్తే అండం విడుదలయ్యే రోజు దాదాపు కచ్చితంగా తెలుస్తుంది. దానికి రెండు రోజుల తర్వాత కలపడం సరైన సమయం. రెండు కుక్కలకూ బ్రుసెల్లా పరీక్ష ముందే అయిపోవాలి. ఇది గర్భస్రావాలు, వంధ్యత్వం తెచ్చే అంటువ్యాధి, మనుషులకూ సోకగలదు. కలిసిన కుక్కలు పావుగంట నుంచి అరగంట దాకా విడిపోవు. వాటిని బలవంతంగా లాగితే రెండిటికీ గాయాలవుతాయి.

అండం విడుదలైన నాటి నుంచి 63 రోజులకు కాస్త అటూ ఇటూగా ఈనుతుంది. 25 రోజులు దాటాక స్కానింగ్‌లో చూలు తెలుస్తుంది. 55 రోజుల తర్వాత ఎక్స్‌రే తీస్తే పిల్లల లెక్క తేలుతుంది. ఈ లెక్క ముఖ్యం. ఏడు ఉన్నాయని తెలిస్తేనే ఆరు పుట్టి ఆగినప్పుడు ఇంకోటి లోపలే ఉందని పసిగట్టగలరు. చూడి కుక్కకు మొదటి రోజు నుంచే రెట్టింపు తిండి పెట్టేస్తారు చాలామంది. అవసరం నిజంగా పెరిగేది ఆఖరి మూడు వారాల్లో, అంతకంటే ఎక్కువగా పాలిచ్చేటప్పుడు. ఇంకో ఇంటి అలవాటు కాల్షియం సిరప్. చూలుతో ఉండగా అదనంగా కాల్షియం పోస్తే, ఎముకల్లోంచి తీసుకునే సొంత యంత్రాంగం మందగిస్తుంది. ఈనాక పాలు జోరుగా దిగేవేళ రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి తల్లి వణుకుతూ, కొయ్యబారి, ఫిట్స్‌లోకి వెళ్లవచ్చు. చిన్న జాతుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. మంచి చేస్తున్నామనుకుని చేసే హాని ఇది.

ఈనే గడియ దగ్గరపడిందని చెప్పేది థర్మామీటరే. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 99 కిందికి దిగితే ఒక రోజులోపు ఈనుతుందని అర్థం. తిండి మానేస్తుంది, గుడ్డలు గీకి పోగేస్తుంది, రొప్పుతుంది. ఈ దశ పూటంతా సాగినా కంగారు పడనక్కర్లేదు. గట్టిగా ముక్కుతూ అరగంట దాటినా పిల్ల రాకపోయినా, ఒక పిల్లకూ మరో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటినా, తొలి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనిపించినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రాత్రి రెండింటికి ఆపరేషన్ చేయగల ఆసుపత్రి ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి. పిల్ల పలచటి తిత్తిలో పుడుతుంది. తల్లి దాన్ని పళ్లతో చించి, బొడ్డు తెంపి, నాకుతుంది. తొలిచూలు తల్లి తెల్లబోయి చూస్తూ కూర్చుంటే ఆ పని మనిషి చేయాలి: తిత్తి చించి, ముక్కూ నోరూ తుడిచి, పొడి తువాలుతో వీపు మీద రుద్దితే కీచుమంటుంది. ఎన్ని మాయలు పడ్డాయో లెక్క చూసుకోవాలి.

తొలి పన్నెండు వారాలు

అప్పుడే పుట్టిన పిల్ల వణకలేదు, తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. మొదటి వారం దాని చుట్టూ 30 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో వెచ్చదనం ఉండాలి. డబ్బాలో ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉంచితే తల్లీ పిల్లలూ తమకు నప్పిన చోటు వెతుక్కుంటాయి. చల్లబడిన పిల్లకు వెంటనే పాలు పట్టడం ప్రాణం మీదికి తెస్తుంది, ఎందుకంటే దాని పేగులు అప్పటికే పనిచేయడం మానేసి ఉంటాయి. ముందు మెల్లగా వెచ్చబరచాలి, తర్వాతే పాలు. మొదటి రోజే ప్రతి పిల్లా ముర్రుపాలు తాగిందా లేదా చూసుకోవాలి. పోతపాలు అవసరమైతే ఆవుపాలు చాలవు. తల్లికుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు వాటికి రెట్టింపు పైనే ఉంటాయి. అందుకోసం తయారుచేసిన పాలపొడి వాడాలి. గ్రాములు చూపే చిన్న కాటా ఒకటి కొని రోజూ ఒకే వేళకు తూచి రాసుకోవాలి. పది రోజుల్లో పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. ఒక్క రోజు బరువు పెరగకపోయినా కనిపెట్టాలి, తగ్గితే డాక్టరుకు చూపించాలి. అరిచే పిల్ల కంటే బరువు తగ్గిన పిల్లే ముందు చచ్చిపోతుంది. రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి. అప్పటి నుంచే రెండు వారాలకోసారి నట్టల మందు. ఆరో వారం దాటాక టీకాలు మొదలు. టీకాలు అందని ఈతలోకి పార్వో వైరస్ వస్తే సగం పిల్లలు పోయినా ఆశ్చర్యం లేదు. రేబీస్ టీకా మూడో నెలలో.

మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల చుట్టూ ఉన్న లోకాన్ని భయం లేకుండా నేర్చుకునే కాలం. అమెరికాలో బార్ హార్బర్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి పరిశీలించి 1965లో ప్రచురించిన పుస్తకం ఈ సంగతిని స్థిరపరిచింది. ఆ వారాల్లో సగం బ్రీడర్ ఇంట్లోనే గడుస్తాయి. మిద్దె మీద బోనులో పెరిగిన పిల్లకు మిక్సీ చప్పుడూ, కుక్కర్ విజిలూ, హెల్మెట్ పెట్టుకున్న మనిషీ జీవితాంతం భూతాలే. ఇంటి మధ్యలో, పిల్లలూ ముసలివాళ్లూ తిరిగే చోట పెరిగినదానికి అవి మామూలే. తోడబుట్టినవాటిని గట్టిగా కరిస్తే ఆట ఆగిపోతుందని నేర్చుకునేదీ అప్పుడే. అయినా నెల, నెలన్నరకే పిల్లల్ని అమ్మేయడం మన దగ్గర మామూలైపోయింది. ఆ వయసులో చూడముచ్చటగా ఉంటాయి, తిండి ఖర్చు ఇంకా మొదలవదు, టీకా ఖర్చు కొనేవాళ్ల నెత్తిన పడుతుంది. కరిచే కుక్కలు కొన్ని తయారయ్యేది ఆ తొందరలోనే.

అమ్మకం

మంచి బ్రీడర్ దగ్గరికి కొనడానికి వెళ్లినవాళ్లకు ముందు ప్రశ్నలే ఎదురవుతాయి. ఇంట్లో పగలంతా ఎవరుంటారు, అపార్ట్‌మెంటా సొంత ఇల్లా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంతకు ముందున్న కుక్క ఏమైంది. ఆఖరి ప్రశ్నకు తడబడేవాళ్లకు పిల్ల దొరకదు. చేతిలో డబ్బు పట్టుకొచ్చినవాడిని తిప్పి పంపడం ఈ పనిలో తరచూ చేయాల్సిందే. నచ్చినవాళ్లకు పిల్లతో పాటు తల్లిదండ్రుల పరీక్షల ఫలితాలు, టీకా కార్డు, అలవాటైన తిండి వారం రోజులకు సరిపడా, రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి. బ్రీడింగ్‌కు తగని పిల్లలైతే ఆపరేషన్ చేయించాలన్న షరతు కూడా అందులో ఉంటుంది. కొనేవాళ్ల వైపు నుంచి చూడాల్సింది ఒకటే: తల్లిని చూపించమనాలి. తల్లి ఊళ్లో లేదనో, వేరే ఫామ్‌లో ఉందనో, పిల్లను కారులోనే తెచ్చిస్తామనో అంటే వెనక్కి రావాలి.

ఇంతా చేశాక మిగిలే డబ్బు ఎంత? ఎక్స్‌రేలు, డీఎన్‌ఏ పరీక్షలు, స్కానింగులు, అర్ధరాత్రి ఆపరేషన్లు, ఎనిమిది వారాల తిండి, టీకాలు, చిప్‌లు పోగా ఒక ఈత మీద చేతిలో మిగిలేది తక్కువే. కొన్ని ఈతల్లో ఏమీ మిగలదు. ఏడాదికి ఒకటి, మొత్తం ఐదు ఈతలకు మించని ఆడకుక్కతో బతుకుతెరువు గడవదు. దీన్ని వృత్తిగా పెట్టుకుని లాభం చూపాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి, ఆ కోత పడేది కుక్కల మీదే. అందుకే ఈ రంగంలో మెప్పు పొందినవాళ్లలో చాలామందికి వేరే ఉద్యోగమో, పొలమో ఉంటుంది.

ఆరో ఏటో ఏడో ఏటో ఈతలు మానిపించిన ఆడకుక్క ఆ తర్వాత ఇంకో ఆరేడేళ్లు బతకవచ్చు. దాని చోటు ఆ ఇంట్లోనే ఉండాలి. అమ్మిన ఎనిమిది పిల్లల్లో ఒకటి నాలుగేళ్లకు, యజమాని విదేశానికి వెళ్లిపోతున్నాడనో, కొత్త కోడలికి కుక్కలు పడవనో తిరిగి రావచ్చు. దానికీ చోటుండాలి, ఫోను ఎత్తి ‘తీసుకురండి’ అనాలి. ఆ మాట అనలేనివాళ్లు జాతి కుక్కను ప్రేమగా పెంచుకోవచ్చు, ప్రదర్శనలకు తీసుకెళ్లవచ్చు, కానీ ఈనించకూడదు.